నరసాపురం అల్లిక

నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల చేతులను దగ్గర్నుంచి చూడాలి. ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, మొనకు కొక్కెమున్న సన్నటి సూదితో ఉచ్చులోంచి ఉచ్చు లాగుతారు. కబుర్లు సాగుతూనే ఉంటాయి, లెక్క మాత్రం తప్పదు. ఇంతటి పనితనాన్ని ఏళ్ల తరబడి ఇంటి ఆడవాళ్ల తీరిక పనిగా కొట్టిపారేశారు. కాదు, అది కష్టజీవుల శ్రమేనని 1982లో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పుస్తకమే రాసింది.

ప్రభుత్వ చేయూతతో వచ్చిన లేసు పార్కు, చేతివృత్తులవారికిచ్చే గుర్తింపు కార్డు, 2024లో దక్కిన భౌగోళిక గుర్తింపు (జీఐ) మంచి అడుగులే. నా మట్టుకు అన్నిటికన్నా గొప్పది సంఘంగా చేరి తామే అమ్ముకునే వీలు. దళారి మిగుల్చుకునేది అప్పుడే అల్లినామె చేతికొస్తుంది. లేసు కొనేటప్పుడు ఆ సంఘాల దగ్గరే కొనండి, బేరమాడకండి.