వాట్సాప్ గ్రూపు ఇల్లా, బజారా?

ఇంటర్నెట్‌ను ప్రభుత్వం అదుపు చేయాలా వద్దా అనే చర్చ మన దగ్గర చాలావరకు ఇంగ్లీషులోనే నడుస్తుంది. ఒక పక్షం భావప్రకటనా స్వేచ్ఛ అంటుంది, ఇంకో పక్షం శాంతిభద్రతలు అంటుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ రాజ్యాంగాన్నే చూపిస్తారు. ఈ రెండు వాదాల మధ్య మా వాడ ఎక్కడుందని వెతికితే దొరకదు. తిట్టేవాడి హక్కు గురించి మాట్లాడతారు, పాలకులకు తగిలిన తిట్టు గురించి మాట్లాడతారు. పొద్దున లేస్తే కులం పేరుతో తిట్లు పడేవాడు మాత్రం ఆ చర్చలో లేడు. అందుకని మేం సిద్ధాంతం దగ్గర కాకుండా ఒక ఫిర్యాదు దగ్గర మొదలుపెడుతున్నాం.

నార్సింగి అంటే ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు, అద్దాల బిల్డింగులు, ముప్పై నలభై అంతస్తుల అపార్ట్‌మెంట్లు. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టులో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. ఈ టవర్లకు కూరగాయలు, పాలు, బిర్యానీ మోసే పిల్లల్లో ఒకతను మాకు తెలుసు. డిగ్రీ మధ్యలో ఆపేసి బండెక్కాడు. సొంతూరి వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు, అందులో రెండొందల మందికి పైనే సభ్యులు. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ ఫొటో పెట్టి జై భీమ్ అని రాశాడు. దాని కింద ఊరి పెద్దకులపాయన ఒకరు ఇతని కులం పేరు పెట్టి, తల్లిని కలిపి, రాయలేని మాట రాశాడు. ముగ్గురు నవ్వే బొమ్మలు పెట్టారు. మిగతావాళ్లు చదివి ఊరుకున్నారు.

పిల్లగాడు స్క్రీన్‌షాట్లు పట్టుకుని వస్తే మాలో ఇద్దరం వెంట ఒక పోలీస్ స్టేషన్‌కు పోయాం. ఏ స్టేషన్ అనేది చెప్పబోవడం లేదు, ఎక్కడికి పోయినా అదే జవాబు వచ్చేదని మా నమ్మకం. "గ్రూపంటే మీరు మీరు మాట్లాడుకునే జాగ. ఇంట్ల అనుకున్నట్టే గదా. పబ్లిక్ వ్యూ ఎట్లయితది?" అన్నాడు అక్కడి అధికారి. పిల్లగాడు, "సార్, రెండొందల మంది పట్టే ఇల్లు మా వాడల ఒక్కటి గూడ లేదు సార్" అన్నాడు. అధికారి నవ్వలేదు. "ముందు ఎంక్వయిరీ చేస్తం, తర్వాత చూద్దాం, పోండి" అన్నాడు.

ఈ రెండు వాక్యాలనూ తేలిగ్గా తీసుకోవద్దు. మొదటిదాని వెనక ఒక కోర్టు మాట ఉంది, రెండోదాని వెనక ఒక కొత్త చట్టం ఉంది.

1989 అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో అవమానించడం నేరం కావాలంటే అది 'ప్రజల దృష్టిలో పడే ఏదైనా చోట' జరగాలి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ఇది 3(1)(ఆర్) అయింది, మాట మాత్రం మారలేదు. బహిరంగ స్థలం వేరు, ప్రజల దృష్టిలో పడే చోటు వేరు అని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. 2020లో హితేశ్ వర్మ కేసులో, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్నది ఈ సెక్షన్ కిందికి రాదంది. ఆ నాలుగు గోడలనే స్టేషన్లలో ఇప్పుడు ఫోన్ చుట్టూ కడుతున్నారు. ఫేస్‌బుక్‌లో ప్రైవసీ సెట్టింగు పెట్టుకున్నంత మాత్రాన అది ప్రజల దృష్టికి దూరమైపోదని ఢిల్లీ హైకోర్టు 2017లో అంది (అంటూనే ఆ కేసును కొట్టేసింది, ఆ రాతలు ఫలానా వ్యక్తిని ఉద్దేశించినవి కావని). ఇంటర్నెట్‌లో పెట్టిన అవమానం చూసిన ప్రతిసారీ బాధితుడు అక్కడ ఉన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు ఇంకా తేటగా చెప్పింది. ఈ రెండు తీర్పులూ స్టేషన్ గోడ దాకా రాలేదు, నాలుగు గోడల తీర్పు మాత్రం అందరికీ నోటికొచ్చు. ఎందుకని?

రచ్చబండ దగ్గర తిడితే ఇరవై మంది వినేవాళ్లు. కేసు విచారణకు వచ్చేసరికి ఆ ఇరవై మందీ ఆ పూట పొలంలో ఉన్నట్టు చెప్పేవాళ్లు. గ్రూపులో తిడితే రెండొందల మంది చేతుల్లో తేదీతో, గంటతో, నంబరుతో సహా రాత ఉంటుంది. సాక్ష్యం ఇంత గట్టిగా దొరికిన కాలం మా పెద్దల ఎరుకలో లేదు. సరిగ్గా ఈ కాలంలోనే బజారును ఇల్లు అంటున్నారు.

ఇక ఆ 'ఎంక్వయిరీ' సంగతి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173(3) అనే సెక్షన్ ఉంది. మూడేళ్లు అంతకు మించి, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చంటుంది. అట్రాసిటీ చట్టం 3(1) కింద గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. అంటే పైపైన చూస్తే కుల దూషణ ఈ కొలతలో పడుతుంది. కానీ అట్రాసిటీ చట్టంలోనే 18ఎ ఉంది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అది సూటిగా అంటుంది. అది ఊరికే రాలేదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టానికి ప్రాథమిక విచారణ అనే అడ్డు పెడితే, ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆ బంద్‌లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఆగస్టులో పార్లమెంటు 18ఎ చేర్చింది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ప్రత్యేక చట్టం ఉండగా సాధారణ చట్టం దాన్ని మింగడానికి వీల్లేదు. ప్రాణాలిచ్చి మూయించిన తలుపును వాట్సాప్ పేరు చెప్పి పక్క నుంచి తెరుస్తున్నారనేదే మా ఆరోపణ.

ఇక్కడ స్వేచ్ఛావాద మిత్రులతో మాకొక పేచీ ఉంది. 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టు, ముఖ్యమంత్రిని విమర్శిస్తూ పెట్టిన పోస్టుల మీద ఎఫ్ఐఆర్‌లు కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా చూడండి, ప్రాథమిక విచారణ చేయండి, రాజకీయ విమర్శ కటువుగా ఉన్నంత మాత్రాన యాంత్రికంగా కేసు పెట్టొద్దు అని. మంచి తీర్పు. ఆ మార్చిలోనే ఇద్దరు మహిళా జర్నలిస్టులను హైదరాబాద్‌లో తెల్లవారకముందే ఇంటికొచ్చి పట్టుకుపోయిన రాష్ట్రం మనది. మేం ఆ తీర్పును స్వాగతిస్తున్నాం. కానీ దాన్ని స్వాగతిస్తూ వచ్చిన వ్యాసాల్లో, ఈ ప్రాథమిక విచారణ కుల దూషణ ఫిర్యాదుల మీదికి జారకుండా చూడాలని రాసింది ఒక్కటీ మా కంటబడలేదు. ఆ తీర్పు రాజకీయ విమర్శ మీద వచ్చింది, అట్రాసిటీ కేసు మీద కాదు. ముఖ్యమంత్రిని తిట్టిన పోస్టూ, కూలివాడి తల్లిని తిట్టిన పోస్టూ ఒకే తరాజులో వేస్తే ఆ స్వేచ్ఛ ఎవరికి లాభమో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

యంత్రాంగానికి వేగం రాదనుకోవద్దు, కావాల్సినప్పుడు వస్తుంది. నార్సింగి నుంచి పది కిలోమీటర్ల లోపే కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువులు మేసే భూమి అని ఆ పేరే చెబుతుంది. 2003లో ఐఎంజీ భారత అనే సంస్థకు క్రీడల పేరుతో ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, 2024 దాకా కోర్టుల్లో నలిగి ప్రభుత్వం చేతికొచ్చింది. 2025 మార్చి 30న, ఉగాది పూట, ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఈ నాలుగైదు రోజుల్లో బుల్డోజర్ల ముందు నెమళ్లు, జింకలు నిలబడ్డట్టు ఏఐతో చేసిన బొమ్మలు తిరిగాయి. ప్రభుత్వం వాటి మీద విచారణకు దిగింది. అట్లాంటి బొమ్మను మళ్లీ పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికే ఏప్రిల్‌లో గచ్చిబౌలి పోలీసుల నోటీసు వచ్చింది. బొమ్మలు కల్పితాలే, వాటిని మేం సమర్థించడం లేదు. కల్పిత జింక మీద రోజుల్లో కదిలిన చేతులు, నిజమైన తిట్టు మీద 'చూద్దాం, పోండి' అంటాయి.

అదే యూనివర్సిటీని పదేళ్లు వెనక్కి పోయి చూడాలి. 2015 ఆగస్టులో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్లను ఏబీవీపీ నాయకుడొకరు ఫేస్‌బుక్‌లో గూండాలన్నాడు. వీళ్లు పోయి నిలదీసి క్షమాపణ రాయించుకున్నారు. దాడి జరిగిందని అటువైపు ఆరోపణ, జరగలేదని ఇటువైపు జవాబు. ఆగస్టు 17న కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల మంత్రికి ఉత్తరం రాశారు. ఐదుగురు పరిశోధకులకు శిక్ష పడింది, డిసెంబరులో హాస్టళ్ల నుంచి గెంటేశారు, వాళ్లు క్యాంపస్‌లో వెలివాడ కట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. మొదలైంది ఒక పోస్టుతో అని గుర్తుంచుకోవాలి. గూండా అన్న మాట అభిప్రాయం అయింది, ఆ మాటను అడిగినవాళ్లు శాంతిభద్రతల సమస్య అయ్యారు. ఆ మార్చి 22న వైస్ ఛాన్సలర్ తిరిగొచ్చినప్పుడు లాఠీలు లేచాయి, విద్యార్థులతో పాటు ఇద్దరు అధ్యాపకులు కూడా అరెస్టయ్యారు. మెస్సులు మూతపడ్డాయి. నీళ్లు, కరెంటుతో పాటు ఇంటర్నెట్ కూడా పోయింది. 1985లో కారంచేడు కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే మొదలైంది. నీళ్లు ఆపేవాళ్లకు నెట్ కూడా నీళ్ల లాంటిదేనని మనకంటే ముందే తెలిసింది.

మరి నెట్‌ను మేం ఎందుకు వదులుకోం? 1920లో బాబాసాహెబ్ మూక్‌నాయక్ మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతామన్నా ఆ ప్రకటనను తిలక్ స్థాపించిన కేసరి వేయలేదు. 1989లో నలుపు పత్రిక తేవడానికి మనవాళ్లు ఎంత కష్టపడ్డారో ఈ పేజీలు చదివే పాతవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇఫ్లూలో చదువుకుంటూ రవిచంద్రన్ మొదలుపెట్టిన దళిత్ కెమెరాకు ఎడిటర్ గదుల్లో ఎవరి సిఫారసూ అవసరం పడలేదు. రోహిత్ ఫేస్‌బుక్‌లో రాసుకున్నవే తర్వాత ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. అందుకే ఇంకో కఠిన చట్టం తెండి అని మేం అడగం. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు దళిత రచయిత కన్వల్ భారతిని అరెస్టు చేశారు. 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మేం కూడా సంతోషించాం. మాటల నేరానికి కొత్త చట్టం వస్తే, తిట్టినవాడి కంటే ముందు జవాబు చెప్పినవాణ్ణే అది పట్టుకుంటుందని మాకు అనుభవం.

పోనీ కంపెనీలకు వదిలేద్దామా అంటే, వాటి సంగతీ చూశాం. ఫేస్‌బుక్ ఇండియాలో మొదటి ఆఫీసు తెరిచింది 2010లో మన హైదరాబాద్‌లోనే. పోస్టులు చూసి ఉంచాలో తీసేయాలో తేల్చే కాంట్రాక్టు పని కూడా ఇక్కడ జరిగేది. అందులో ఒక్కొక్కరు ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 2,000 పోస్టులు చూస్తున్నారని 2019లో రాయిటర్స్ రాసింది. అంటే ఒక్కో పోస్టుకు పదిహేను సెకన్లు కూడా లేవు. మన తిట్లలో సగం సామెతల వేషంలో ఉంటాయి, కులం పేరు లేకుండానే కులాన్ని తిట్టే నేర్పు మన పెద్దకులాలకుంది. పదిహేను సెకన్లలో ఎవరికి అంతుబడుతుంది? కంపెనీ నియమాల్లో కులం అనే మాట ఉన్నమాట నిజమే. 2018 నవంబరులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీలో బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూల్చమనే పోస్టరు పట్టుకుని ఫొటో దిగితే మనోభావాలు దెబ్బతిన్నాయని గోల లేచింది. ఆ కంపెనీ తరఫున క్షమాపణ చెప్పిన న్యాయవిభాగం అధిపతి విజయ గద్దె హైదరాబాద్‌లో పుట్టినామె. రోజూ మాకు పడే తిట్లకు ఎవరైనా అంత త్వరగా క్షమాపణ చెప్పారా?

మేం అడిగేది కొత్త అధికారం కాదు, ఉన్న చట్టం. కులం పేరుతో వచ్చిన ఆన్‌లైన్ దూషణ ఫిర్యాదులకు 173(3) వర్తించదని, 18ఎ ప్రకారం నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాలని డీజీపీ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. గ్రూపు సంగతి కోర్టు తేలుస్తుంది, స్టేషన్ బల్ల దగ్గర తేల్చే పని కాదు. ఇదే రాసి మేం అర్జీ పెట్టాం. తోటి విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయులు తమ ఊళ్ల ఫిర్యాదులతో కలిసి రావాలి.

ఈలోపు పిల్లగాడి కేసు ఇంకోచోట చిక్కింది. కొత్త సాక్ష్య చట్టం 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆ నిపుణుడు ఎక్కడ దొరుకుతాడో స్టేషన్‌లో చెప్పలేదు. ఫోన్ మాత్రం జమ చేయమన్నారు. అతనికి ఆర్డర్లు వచ్చేది ఆ ఫోన్‌లోనే. "ఫోనిస్తే బండి నడవది, బండి నడవకుంటే ఇంట్ల పొయ్యి వెలగది. ఎట్ల జెయ్యాలె అన్నా?" అని అడిగాడు. పాత ఫోన్ ఒకటి చూస్తామని చెప్పి వచ్చాం. సెకండ్‌హ్యాండ్‌ది నాలుగు వేలు అంటున్నారు, ఇప్పటికి పదహారు వందలు పోగయ్యాయి.