పులికాట్‌కు పన్నెండు నెలలు

సంక్రాంతికి అటూ ఇటూగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కార్లు బారులు తీరి ఆగుతాయి. రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ సరస్సు, పలచని నీళ్లలో ముక్కు తలకిందులుగా ముంచి మేత వడగట్టుకునే ఫ్లెమింగోలు, గట్టు మీద ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం. చెన్నైలో లోకల్ రైలెక్కితే సూళ్లూరుపేటలో దిగొచ్చు. నెల్లూరు, తిరుపతి వాళ్లు పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. తూపిలిపాలెంలో సముద్రం, భీములవారిపాలెంలో పడవ షికారు, నేలపట్టులో గూడబాతులు, అన్నీ ఒక్క సెలవురోజులో సరిపోతాయి. ఫ్లెమింగో ఫెస్టివల్ జరిపినప్పుడూ ఈ చలికాలంలోనే. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. పిల్లలు ఫోన్లో కాకుండా నీళ్లలో ఒక పక్షిని చూడటం మంచిదే. నా పేచీ వేరే. పక్షుల్ని చూడటం అనే విద్య మన తీరంలో అచ్చంగా జనవరి అలవాటుగా మిగిలిపోయింది. ఏడాదిలో ఒక్క నెల చూసి పన్నెండు నెలల సంగతి తెలిసిందనుకుంటున్నాం. ఆ ఒక్క నెల చూపు మనకి చెప్పేది తక్కువ, తప్పుగా నేర్పేది ఎక్కువ. ఈ సరస్సు దగ్గర పక్షులు చూసే పని నిజంగా అక్కరకొచ్చేది ‘ఇప్పుడేముంటాయండీ అక్కడ’ అని అందరూ పెదవి విరిచే నెలల్లోనే.

ఆ తప్పుల్లో మొదటిది పక్షుల సొంతూరు గురించి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం మొదలుకొని గుంటూరు దగ్గరి ఉప్పలపాడు మీదుగా నేలపట్టు దాకా, కొంగలూ గూడబాతులూ చెట్ల మీద గుంపుగా గూళ్లు కట్టే ఏ ఊరి గురించి రాసినా ‘సైబీరియా పక్షుల విడిది’ అని రాయడం మనకి అలవాటైపోయింది. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, గూడబాతు, ఈ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. నీళ్లనీ చేపల్నీ బట్టి చెరువు నుంచి చెరువుకి, రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరుగుతాయే తప్ప హిమాలయాలు దాటి ఎక్కడికీ పోవు. దీనికి పుస్తకం తిరగెయ్యక్కర్లేదు, కాస్త ఆలోచిస్తే చాలు. ఉత్తరపు దేశాల నుంచి చలికి తాళలేక వచ్చిన పక్షి ఇక్కడ తిని, బలిసి, వెనక్కిపోయి అక్కడ గుడ్లు పెడుతుంది. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని లేపిందంటే ఇదే దాని ఊరు. నిజంగా సైబీరియా పేరు మోసే సైబీరియన్ క్రేన్ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2002 తర్వాత మళ్లీ కనబడలేదు. తమాషా ఏమిటంటే, అసలు సైబీరియా వాళ్లు పులికాట్‌లో ఉన్నారు. రోడ్డు వారన బురదలో టకటకా పొడుస్తూ పరుగెత్తే లిటిల్ స్టింట్, పాతిక గ్రాములు తూగే పిట్ట, ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రా నుంచి వస్తుంది. కర్ల్యూ సాండ్‌పైపర్ కూడా అంతే. బూడిదరంగులో, బురదలో కలిసిపోయి ఉంటాయి కనుక వాటి వైపు ఏ ఫోనూ తిరగదు. స్థానికుల్ని విదేశీయులని పిలుస్తాం, నిజంగా దూరదేశం నుంచి వచ్చినవాటిని ఊరపిట్టల కింద కట్టేస్తాం. జనవరి చూపు ఫలితం ఇది. గూడు కట్టేదెవరో, వెళ్లిపోయేదెవరో తెలియాలంటే ఆ నెల దాటి చూడాలి మరి.

రెండో తప్పు ఇంతకంటే ఖరీదైనది. ‘ఈసారి పక్షులు ముఖం చాటేశాయి’ అనే మాట ఏటా కాకపోయినా రెండు మూడేళ్లకొకసారి వినబడుతుంది. నెల్లూరు తీరానికి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలది. ఆ వానకే నేలపట్టు చెరువు నిండి, నీళ్లలో నిలబడి పెరిగే చెట్లు చుట్టూ నీటి కాపలాతో గూళ్లకి పనికొస్తాయి. వాన తప్పితే గూడబాతులు గూళ్లు తక్కువ కడతాయి, లేదా ఆ ఏడు మానేస్తాయి. ఇది నేలపట్టు సంగతి. కూతవేటు దూరంలో ఉన్న పులికాట్‌లో లెక్క అటుదిటు. అక్కడ వాన మరీ ఎక్కువైతే నీళ్లు లోతెక్కి, నిలబడి మేసే ఫ్లెమింగోలకి కాలు ఆనదు, అవి పలచని నీళ్లు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. అంటే ఒకే వాన ఒక పక్షిని పిలుస్తుంది, ఇంకోదాన్ని పంపేస్తుంది. జనవరిలో మాత్రమే వచ్చిన మనిషికి కనబడేది కొన్ని ఖాళీలు, కొన్ని గుంపులు. అక్టోబర్‌లో ఎన్ని వానలు పడ్డాయో, నవంబర్‌లో ఎన్ని గూళ్లకి పుల్లలు మోశాయో, ఫిబ్రవరిలో నీళ్లు తగ్గాక ఫ్లెమింగోలు తిరిగి వచ్చాయో లేదో చూడకుండా ‘తగ్గిపోయాయి’ అనటం, ‘పెరిగాయి’ అనటం, రెండూ ఊహే. కచ్ రణ్‌లో గుడ్లు పెట్టే ఫ్లెమింగోకి పులికాట్ ఒక మేతభూమి మాత్రమే. అక్కడ మంచి సంవత్సరమో చెడ్డ సంవత్సరమో కూడా ఇక్కడి గుంపులో కనిపిస్తుంది. ఇన్ని కారణాల్ని విడదీయటానికి ఒక్క నెల ఎలా సరిపోతుంది?

ఇక ఖాళీ నెలల సంగతి. మార్చి నుంచి సరస్సు ముడుచుకుంటుంది, ఉత్తరపు మేర చాలా వరకు ఎండి ఉప్పు పేరుకుంటుంది. జనం తగ్గుతారు. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్‌లో, జనవరిలో బూడిదరంగుగా ఉన్న పిట్టలు రంగు మార్చుకుంటాయి. కర్ల్యూ సాండ్‌పైపర్ ఇటుకరంగుకి తిరుగుతుంది, సాండ్ ప్లవర్ ఛాతీ మీద కెంపు పట్టీ వస్తుంది, గాడ్‌విట్‌లు తుప్పురంగు తొడుక్కుంటాయి. ప్రయాణానికి కొవ్వు పట్టించుకుంటూ రాత్రీపగలూ మేస్తాయి. పోల్చుకోవటం కష్టమని మొదట్లోనే విసుగెత్తి మానేసేవాళ్లకి చెప్పదగ్గ మాట ఒకటుంది: ఈ పిట్టల్ని నేర్చుకోవటానికి జనవరి అన్నిటికంటే చెడ్డ నెల, ఏప్రిల్ అన్నిటికంటే మంచిది. జూన్‌లో చూస్తే కొన్ని ఇంకా ఇక్కడే ఉంటాయి. దెబ్బ తగిలి ఆగిపోయాయేమో అనుకుంటారు. చాలావరకు అవి కిందటేడు పుట్టిన పిల్లలు. పెద్ద తీరపక్షుల్లో చాలా జాతుల పిల్లలు మొదటి వేసవికి ఉత్తరానికి పోకుండా మేతభూముల్లోనే ఉండిపోతాయి. జూన్ నాటికి మిగిలినవెన్నో లెక్కపెడితే కిందటి ఏడు ధ్రువప్రాంతంలో పిల్లలు ఎలా బతికాయో కొంత తెలుస్తుంది. టండ్రాకి టికెట్టు కొనక్కర్లేదు. ఆగస్టు వచ్చేసరికి మొదటి జట్లు దిగనే దిగుతాయి, ముందు పెద్దవి, చిరిగిన పాత ఈకలతో. ఆ వెనక కొత్త ఈకలతో పిల్లలు. మనం ‘సీజన్ మొదలైంది’ అనే డిసెంబర్ నాటికి వాటికి సీజన్ మొదలై నాలుగు నెలలు దాటి ఉంటుంది.

ఎండిన సరస్సు అడుగు ఖాళీ స్థలంలాగా కనిపించటం దాని దురదృష్టం. తీతువులు, పొడుగుకాళ్ల స్టిల్ట్‌లు, చిన్న టెర్న్‌లు ఆ చదును నేల మీదే, కంకరలో కలిసిపోయే మచ్చల గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, చిన్న గుంట. వేసవి సెలవుల్లో ఆ నేల మీద బైకులు, ట్రాక్టర్లు తిరుగుతాయి, కుక్కలు తిరుగుతాయి, క్రికెట్ ఆడతారు. ఎవరికీ దుర్బుద్ధి లేదు, అక్కడ ఏదో ఉందని తెలియదంతే. జనవరిలో తాడు కట్టి, బోర్డు పెట్టి, గార్డుని నిలబెట్టే మనం, గుడ్లున్న నెలలో ఆ నేలని గాలికొదిలేస్తాం. చూపు లేని నెలకి కాపలా కూడా ఉండదు. ఇక్కడ ఒక శాస్త్రం సంగతి కూడా చెప్పాలి. శ్రీలంకలోనూ దక్షిణ భారత తీరంలోనూ గుడ్లు పెట్టే ఒక బుల్లి ప్లవర్‌ని చాలా ఏళ్లపాటు ఉత్తరం నుంచి వలస వచ్చే కెంటిష్ ప్లవర్‌తో కలిపేసి ఒకే జాతి అన్నారు. 2023లో పరిశోధకులు జన్యువులు, కొలతలు, ఈకల తేడాలు చూపి అది వేరే జాతి అన్నారు. రామసేతువుకి అటూ ఇటూ బతికే పిట్ట గనక హనుమాన్ ప్లవర్ అని పేరు పెట్టారు. చలికాలంలో రెండూ తీరం మీద కలిసిపోయి తిరుగుతాయి, విడదీయటం కష్టం. వేసవిలో వలసవి పోయాక గుంటలో గుడ్లు పెట్టుకుని మిగిలింది మాత్రం ఇక్కడిదే. నూరేళ్ల గందరగోళానికి కారణం ఒక్క కాలెండరే అనను. కానీ పక్షుల్ని చూడటమే చలికాలపు అలవాటైన చోట, వేసవి పక్షికి న్యాయం ఆలస్యం కావటం ఆశ్చర్యం కాదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలో పస ఉంది. జనవరి జాతర వల్లే కదా ఈ సరస్సు పేరు నలుగురికీ తెలిసింది, పడవవాళ్లకీ టీకొట్టుకీ నాలుగు రూపాయలు వచ్చాయి, దాన్ని తక్కువ చేస్తే మిగిలేదేమిటి అంటారు. తక్కువ చెయ్యమని కాదు. ఫెస్టివల్ ఉండాలి, ఇంకా బాగా జరగాలి. అయితే జాతర వల్ల అధికారుల దృష్టి కూడా ఆ కొద్ది రోజులకే కుదించుకుపోతుంది, దాన్ని కాదనలేం. రోడ్లు అప్పుడే వేస్తారు, ముళ్లచెట్లు అప్పుడే కొడతారు. నెల్లూరు మే ఎండలో ఎవరు నిలబడతారండీ అనేది రెండో అభ్యంతరం, ఇది మరీ న్యాయమైనది. జవాబు సులువు: సెలవుకి వచ్చేవాళ్లు నిలబడనక్కర్లేదు. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, వాకాడు మండలాల్లో బడులున్నాయి, కాలేజీలున్నాయి, తెల్లవారుజామున ఆ గట్టు మీదుగా పనికి పోయేవాళ్లున్నారు. ఎండెక్కకముందు అరగంట చాలు. పదిహేను రోజులకోసారి, అదే చోట, అదే వేళ. దుర్భిణి ఉంటే మంచిది, లేకపోయినా గూడబాతుని లెక్కపెట్టటానికి కళ్లు చాలు.

మూడో అభ్యంతరం చదువుకున్నవాళ్లది: ఔత్సాహికుల లెక్కలు నమ్మదగ్గవేనా? ఒకరు గుంపుని మూడువేలంటారు, ఇంకొకరు అయిదువేలంటారు. నిజమే, అంకె తప్పవచ్చు. అయితే అదే మనిషి అదే చోట అదే పద్ధతిలో తప్పుతుంటే, ఆ తప్పు ఏడాదికేడాది ఒకే వైపు తూగుతుంది, పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం బయటపడుతుంది. ఇది నా సొంత నమ్మకం కాదు. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక నిలబడిందే దాదాపు 30,000 మంది పక్షిప్రియులు ఈ-బర్డ్ అనే ఆన్‌లైన్ చిట్టాలో రాసిపెట్టిన 3 కోట్లకు పైగా నమోదుల మీద. 942 జాతుల స్థితిని దానితో అంచనా కట్టారు. అంతకుముందు 2020లో వచ్చిన నివేదిక, నీటిపక్షుల్లో అన్నిటికంటే దెబ్బతిన్నవి వలస వచ్చే తీరపక్షులు, గల్‌లు, టెర్న్‌లేనని చెప్పింది. అంటే మన ఫోను తిరగని ఆ బూడిదరంగు పిట్టలే. ఈ-బర్డ్ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది: చూసినవన్నీ రాశానని ఒప్పుకుంటే, రాయనిది లేనట్టు లెక్క. ‘ఈరోజు ఏమీ లేవు’ అనేదీ సమాచారమే. ఖాళీ జూన్‌కి విలువ ఇచ్చేది ఈ ఒక్క నియమం. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి మన దగ్గర ఏటా జనవరిలో జరుగుతోంది. దాని ఉపయోగం దానికుంది, ఒకే నెల గనక దేశాల మధ్య పోల్చవచ్చు. కానీ ఆగస్టులో ఆగి వెళ్లినవి, ఏప్రిల్‌లో బలిసి లేచినవి అందులో పడవు. జనవరి గణన మీద మనం కట్టాల్సిన అంతస్తులు చాలా ఉన్నాయి.

ఇది టౌను వాళ్ల కాలక్షేపం, చేపలు పట్టుకునేవాడికి దీనితో పనేమిటి అనేది చివరి మాట, తరచూ వినబడేది. చరిత్ర వేరేలా చెబుతోంది. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డాన్ పక్షుల సంగతులు సేకరించింది స్థానిక యానాది గిరిజనుల దగ్గర. ఆయన పేరే పెట్టుకున్న జెర్డాన్స్ కోర్సర్, మన కలివికోడి, అంతరించిందనుకున్నాక 1986లో కడప దగ్గర మళ్లీ దొరికిందీ స్థానిక వేటగాళ్ల సాయంతోనే. పులికాట్‌లో ఏడాది పొడుగునా నీళ్ల మీద ఉండేది మత్స్యకారులు. ఏ నెలలో ఏ పిట్ట ఎక్కడ దిగుతుందో కాలేజీ కుర్రాడి కంటే వాళ్లకే తెలుసు. లేనిదల్లా రాసిపెట్టటం. వాళ్ల కష్టం, పక్షుల కష్టం ఒకచోట కలుస్తాయి కూడా. సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసకతో పూడిపోయి, ఉప్పునీళ్లు లోపలికి రాక, రొయ్యలు, చేపలు తగ్గాయని వాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. పూడిక తీస్తే సరస్సు లోతు మారుతుంది, ఉప్పు మారుతుంది, వేసవిలో ఎండే నేల తగ్గుతుంది. చేపకి మేలు కావచ్చు, గూడబాతుకీ మేలు కావచ్చు. పలచని నీళ్లు, బురద కావాల్సిన ఫ్లెమింగోకీ స్టింట్‌కీ ఏమవుతుందో పన్నెండు నెలల లెక్క లేకుండా ఎవరూ చెప్పలేరు, పూడిక తియ్యమనేవాళ్లూ చెప్పలేరు, వద్దనేవాళ్లూ చెప్పలేరు. ఆ లెక్క డ్రెడ్జర్ దిగకముందే మొదలవ్వాలి. దిగాక మొదలుపెడితే, పోల్చి చూసుకోవటానికి పాత ఏడాది ఒక్కటి కూడా చేతిలో ఉండదు.