హెవీ మెటల్ ఉపశాఖలు – రసదృష్టి: తెలుగు శ్రోతకు ఒక ఎంపిక

వ్యాససంగ్రహం

హెవీ మెటల్ సంగీతంపై చర్చ తరచుగా 'రొద' అనే ఒక్క మాటతో ముగుస్తుంది. ఈ సంగీతంలోని ఉపశాఖలు వేర్వేరు స్థాయీభావాలను ఆశ్రయించాయనీ, రససిద్ధాంతం ఆధారంగా వాటిని వేరుచేసి చూసినప్పుడే ఏ బృందాన్ని ఎందుకు వినాలో చెప్పగలమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పల్నాటి వీరగాథ, బుర్రకథ, హైదరాబాదు బృందం గాడ్‌లెస్ ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: హెవీ మెటల్, రససిద్ధాంతం, బీభత్సం, ఓజోగుణం, బుర్రకథ, గాడ్‌లెస్.

1. ఉపోద్ఘాతం

కృష్ణ దక్షిణ తీరాన ఉన్న తాడేపల్లి మండలంలో ఉండవల్లి గుహలు ఉన్నాయి. వడ్డేశ్వరంలో వేలమంది చదివే విశ్వవిద్యాలయం ఉంది. ఇటువంటి చోట తెలుగు తరగతిలో నవరసాలు పాఠ్యాంశం. అదే విద్యార్థి ఇయర్‌ఫోన్‌లో వినే సంగీతానికి ఆ పాఠంతో సంబంధం లేదన్నది సాధారణ భావన. దీనివల్ల నష్టం రెండువైపులా ఉంది. రససిద్ధాంతం పరీక్షకు వల్లెవేసే పట్టికగా మిగులుతుంది; కొత్త సంగీతం విమర్శకు అందని చప్పుడుగా మిగులుతుంది.

హెవీ మెటల్ పుట్టుక ఇంగ్లండులోని పారిశ్రామిక నగరం బర్మింగ్‌హామ్‌తో ముడిపడి ఉంది. బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ 1970లో వెలువడింది. ఆ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొనలు కోల్పోయాడు. తరువాత తీగల బిగువు తగ్గించి, శ్రుతి దించి వాయించాడు. ఈ సంగీతానికి గుర్తుగా నిలిచిన మంద్రగంభీర నాదానికి ఆ గాయం కూడా ఒక కారణం.

2. ఉపశాఖలు – స్థాయీభావాలు

బయటి శ్రోతకు వీరం, రౌద్రం ఒకేలా వినిపిస్తాయి. భరతుడు వీరానికి ఉత్సాహాన్ని, రౌద్రానికి క్రోధాన్ని స్థాయిగా చెప్పాడు. ఈ భేదమే ఎంపికకు మొదటి మెట్టు. ఐరన్ మెయిడెన్ బృందానిది వీరం. 1983 నాటి వారి 'ది ట్రూపర్' క్రిమియా యుద్ధంలోని అశ్వికదళ దాడిని, అందులో నేలకొరిగే సైనికుని నోట చెబుతుంది. పల్నాటి వీరగాథ తెలిసినవారికి ఈ నిర్మాణం కొత్త కాదు. కారెంపూడి రణంలో బాలచంద్రుని ఉత్సాహం ఎంత ఎత్తుకు లేస్తుందో, దాని వెనుక కరుణ అంత లోతుగా ఉంటుంది. ఉత్సాహమే ప్రధానంగా వినదలచినవారికి పవర్ మెటల్ శాఖలో జర్మనీ బృందం హెలోవీన్ తగినది.

థ్రాష్ శాఖది క్రోధం. 1986లో వచ్చిన మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' దీనికి ప్రమాణాలు. రెండవది అరగంటలోపే ముగుస్తుంది. క్రోధం దీర్ఘకాలం నిలవదన్న సత్యం ఆ నిడివిలోనే ఉంది. మెటాలికాలో క్రోధానికి ఆలోచన తోడుంటుంది కనుక కొత్త శ్రోత అక్కడ మొదలుపెట్టడం మేలు. డూమ్ శాఖ విలంబగతిలో సాగుతుంది. స్వీడన్ బృందం కాండిల్‌మాస్ పాటల్లో శోకం స్థాయి. ప్రోగ్రెసివ్ శాఖకు చెందిన డ్రీమ్ థియేటర్‌లో తాళగతుల మార్పులు విస్మయాన్ని పోషిస్తాయి. మృదంగ జతులకు అలవాటుపడిన చెవికి ఇది దగ్గరిదారి.

భయానకాన్ని ఆశ్రయించిన బ్లాక్ మెటల్ విషయంలో జాగ్రత్త అవసరం. 1990ల తొలినాళ్లలో నార్వేలో ఈ శాఖకు చెందిన కొందరు చర్చిలను తగులబెట్టారు, హత్యలు చేశారు. సాధారణీకరణం జరిగినప్పుడే భయం రసమవుతుంది. నిజమైన హింస వార్త మాత్రమే. ఆ నేరాలను కళాశక్తికి సాక్ష్యంగా చూపే ప్రశంస రసదృష్టికి నిలవదు. ఆ కాలంలోనే మొదలై, సంగీతాన్నే విస్తరించుకుంటూ వచ్చిన ఎన్‌స్లేవ్డ్ ఈ శాఖలో వినదగిన బృందం.

3. జుగుప్స ఆస్వాద్యమా?

డెత్ మెటల్‌పై ప్రధాన ఆక్షేపణ దాని బీభత్సం. ధనంజయుని దశరూపకం బీభత్సాన్ని మూడు విధాలుగా చెప్పింది: పురుగులు, దుర్గంధం వల్ల ఉద్వేగి; రక్తమాంసాల వల్ల క్షోభణం; వైరాగ్యం వల్ల శుద్ధం. అమెరికా బృందం డెత్ ప్రస్థానం ఈ విభజనకు మంచి ఉదాహరణ. 1987 నాటి తొలి ఆల్బమ్ 'స్క్రీమ్ బ్లడీ గోర్' క్షోభణం. 1995 నాటి 'సింబాలిక్' వద్దకు వచ్చేసరికి చక్ షుల్డినర్ రచన నెత్తురును వదిలి మనుషుల మనస్సును, సమాజాన్ని ప్రశ్నిస్తుంది. దీనిని పూర్తి వైరాగ్యం అనలేకపోయినా, ప్రయాణం శుద్ధబీభత్సం దిశగానే సాగింది. కనుక ఈ బృందాన్ని వెనుకనుంచి ముందుకు, 'సింబాలిక్'తో మొదలుపెట్టి వినడం ఉచితం.

4. గాడ్‌లెస్ – తెలుగు ప్రశ్న

హైదరాబాదులో 2015లో ఏర్పడిన గాడ్‌లెస్ డెత్ మెటల్ బృందం. 'సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్' (2016), 'స్వార్మ్' (2018) తరువాత 'స్టేట్స్ ఆఫ్ ఖేయాస్' (2021) పూర్తిస్థాయి ఆల్బమ్‌గా వచ్చింది. వేగం, బిగువు, గొంతు చించుకుని పలికే గానం ఇందులో శాఖాధర్మానికి తగినట్లు ఉన్నాయి. పాటల భాష ఇంగ్లీషు.

అజంతమైన తెలుగు ఇంత పరుషమైన నాదానికి లొంగదన్న వాదం రావచ్చు. అది నిలవదు. సంయుక్తాక్షరాలు, దీర్ఘసమాసాలు ఓజోగుణానికి ఆధారమని ఆలంకారికులు చెప్పారు. తెలుగు యుద్ధఘట్టాల పద్యాలు ఆ బలంతోనే నడిచాయి. వాచికానికి సాక్ష్యం గుంటూరు గడ్డ మీదే ఉంది. తాడికొండ మండలం పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథలో తంబుర, డక్కీల దరువు మీద తెలుగు మాటను రౌద్రవీరాలలో పరుగెత్తించాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ కళ తాళాన్ని, కంఠాన్ని, కథను ఒక్కటి చేసింది.

ఇతర భాషలూ ఈ పని చేశాయి. మంగోలియా బృందం ది హూ గుర్రపుతల వాయిద్యంతో, కంఠనాద గానంతో తమ భాషలోనే పాడుతుంది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఢోల్‌ను, హిందీ, పంజాబీ పదాలను మెటల్‌లోకి తెచ్చింది. అయితే జానపద వాద్యాన్ని పైపూతగా చేర్చడం వేరు, దాని లయను పాట నిర్మాణంగా మలచడం వేరు. తెలుగు ప్రయత్నాన్ని తూచవలసింది ఈ రెండవ కొలతతోనే.

5. ముగింపు

ఉత్సాహం కోరేవారికి ఐరన్ మెయిడెన్, క్రోధానికి మెటాలికా, శోకానికి కాండిల్‌మాస్, విస్మయానికి డ్రీమ్ థియేటర్, భయానకానికి ఎన్‌స్లేవ్డ్, బీభత్సానికి డెత్, ఆ వెంట గాడ్‌లెస్: ఇది ఈ వ్యాసం సూచించే క్రమం. ఒక పాటలో అనేక భావాలు సంచరించవచ్చు. ఈ పట్టిక స్థాయిని మాత్రమే చెబుతుంది. గాడ్‌లెస్ సాధించిన నాదశక్తికి, నాజర్ సాధించిన తెలుగు వాచికానికి మధ్య దూరం భాష వల్ల ఏర్పడినది కాదు. రెండింటినీ ఒకే చెవితో వినే శిక్షణ కొరవడింది. ఆ శిక్షణ మొదలుకావలసిన చోటు రసాలను బోధించే తెలుగు తరగతి.