నెలనెలా మందు, ఒక్కసారి సాయం

పల్నాడులో ఒక బిడ్డకు ఏళ్ల తరబడి ఖరీదైన మందు వాడాల్సి వస్తే, ఆ తల్లిదండ్రుల చెవిన పడే అంకెలు పెద్దపెద్దవే. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద కుటుంబానికి 25 లక్షల వరకు. అరుదైన జబ్బయితే కేంద్ర విధానం కింద 50 లక్షల వరకు. వీటి పక్కన తలసీమియా, సికిల్‌సెల్, తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి రాష్ట్రం ఇచ్చే పింఛను నెలకు 10 వేలు. పైకి చూస్తే మూడింటిలో ఇదే చిన్నది. మందుల షాపు బిల్లు పక్కన పెట్టి చూస్తే మాత్రం, జబ్బు తీరును సరిగ్గా అర్థం చేసుకున్నది ఈ చిన్నదేనని నాకనిపిస్తుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే ఆరోగ్యశ్రీ (ప్రభుత్వాలు పేరు ఎన్నిసార్లు మార్చినా ఊళ్లలో పిలుపు ఇదే) 2007లో మొదలైనప్పుడు దాని కళ్ల ముందున్న కష్టం వేరు. గుండెకు రంధ్రమున్న పిల్ల, లక్షలయ్యే ఆపరేషను, అమ్మకానికి పెట్టిన రెండెకరాలు. ఆ కష్టానికి అది గట్టి జవాబే చెప్పింది. ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ దాని నిర్మాణమంతా ఆసుపత్రి మంచం చుట్టూ అల్లినది. జబ్బుకో ప్యాకేజీ, ప్యాకేజీకో రేటు, చేరిక, డిశ్చార్జి, ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు నడిచే ఫాలోఅప్ ప్యాకేజీలున్నాయి, అవి ఎంతో మేలు. వాటిలో లేని బిడ్డకు పదకొండో రోజు నుంచి మందు ఎవరు కొనాలి? కేంద్రం ఆయుష్మాన్ భారత్‌దీ ఇదే దారి, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజులు. ముఖ్యమంత్రి సహాయ నిధి అంతకంటే ఇరుకైనది. ఎమ్మెల్యే లెటరు, ఆసుపత్రి బిల్లులు పెట్టుకుంటే కొంత తిరిగొస్తుంది. ముందే కావాలంటే ఎల్‌వోసీ అనే హామీ పత్రం కోసం తిరగాలి. వచ్చే నెల మళ్లీ కొనాల్సిన సీసాకు అందులో చోటు లేదు.

పింఛను సంగతి అలా కాదు. 2020 నుంచి ఇస్తున్న ఆ పదివేలు ఏ మంచంతోనూ ముడిపడి లేవు. తలసీమియా బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును దించడానికి డెఫెరాసిరాక్స్ లాంటి బిళ్ల రోజూ వేయాలి. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి రానూపోనూ ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. ఈ ఖర్చుకు ఒక ఆవృత్తి ఉంది, పింఛనుకూ అదే ఆవృత్తి ఉంది. నెల మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి చేతిలో పెడతారు. మిర్చి, పత్తి మీద బతికే ఇంట్లో ఆదాయం కల్లం దగ్గర ఏడాదికోసారి కనపడుతుంది. మందు ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. ఈ రెంటి మధ్య ఖాళీని వడ్డీ వ్యాపారి నింపుతాడు. ఆ ఖాళీని పూడ్చే శక్తి 25 లక్షల పరిమితికి లేదు, నెలనెలా వచ్చే పదివేలకు కొంతైనా ఉంది.

ఈ పింఛనులో నాకు కోపం తెప్పించే లోపం కూడా ఉంది. ఈ పదివేలు జబ్బు పేరు చూసి ఇస్తారు, ఖర్చు చూసి కాదు. ఆ జాబితాలో రక్తానికి సంబంధించిన ఈ మూడు జబ్బులూ ఉన్నాయి. బిడ్డకు వెన్నుపాము కండరాల క్షీణత, అంటే ఎస్ఎంఏ ఉంటే? ఈ పదివేలు రావు. తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15 వేలు ఇచ్చే విభాగం వేరే ఉంది. ఆ స్థితికి వెళ్లకుండా ఆపే మందుకు నెలవారీ సాయం లేదు, వెళ్లాక ఉంది. ఇది వరుస తప్పిన లెక్క.

ఇక కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం. మొదట 20 లక్షలు, అదీ ఒక్కసారి చికిత్సతో నయమయ్యేవాటికే. 2022లో దాన్ని 50 లక్షలు చేసి, జీవితాంతం మందు వాడాల్సిన జబ్బులకూ విస్తరించారు. సాయం గుర్తించిన వైద్య కేంద్రాల ద్వారానే అందుతుంది. పల్నాడు వాళ్లకు అందుబాటులో ఉన్నది హైదరాబాద్ నిమ్స్. ఎంజైము ఎక్కించాల్సిన జబ్బుల్లో మోతాదు బరువును బట్టి ఉంటుంది. బిడ్డ ఒళ్లు చేసిందని సంతోషించాల్సిన తల్లి, బిల్లు పెరుగుతుందని భయపడాల్సి వస్తుంది. 50 లక్షల హద్దు మాత్రం పెరగదు.

ఆ 50 లక్షలను ఒక సీసా పక్కన పెడదాం. ఎస్ఎంఏకు నోటిద్వారా ఇచ్చే రిస్డిప్లామ్ మందును రోష్ కంపెనీ మన దేశంలో సీసా దాదాపు 6 లక్షల 20 వేలకు అమ్మింది. రెండేళ్లు దాటి, ఇరవై కిలోలున్న బిడ్డకు రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 మిల్లీగ్రాముల సీసా పన్నెండు రోజులకు అయిపోతుంది. కంపెనీ రాయితీలను పక్కన పెడితే, 50 లక్షలకు ఎనిమిది సీసాలు, అంటే తొంభై ఆరు రోజులు. హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే మందును జెనరిక్‌గా తెస్తానంటే రోష్ పేటెంటు పట్టుకుని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 మార్చిలో ఏకసభ్య ధర్మాసనం నాట్కోను ఆపడానికి నిరాకరించింది. అక్టోబరులో డివిజన్ బెంచీ అదే నిలబెట్టింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900 రూపాయలు. అవే 50 లక్షలకు ఇప్పుడు మూడు వందల పద్నాలుగు సీసాలు వస్తాయి, పదేళ్లకు పైగా సరిపోతాయి. సాయం ఒక్క రూపాయి పెరగలేదు, ధర దిగింది. 2012లో కాలేయ క్యాన్సర్ మందు నెక్సావర్‌కు దేశంలో తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకున్నా తయారుచేసే అనుమతి) పొంది, నెలకు 2 లక్షల 80 వేలయ్యే ఖర్చును 8,800కు దించిందీ ఈ కంపెనీయే. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ కేంద్రాన్ని కట్టించింది కూడా నాట్కో ట్రస్టే. దానం విలువ కట్టడం నాకిష్టం లేదు గానీ, ఆ భవనంకన్నా ఈ సీసా ధరే ఎక్కువ ఇళ్లకు చేరగలదు.

విరాళాల దారి కూడా ఉంది. 2021లో హైదరాబాద్‌లో ఎస్ఎంఏ ఉన్న ఒక పసివాడికి 16 కోట్ల ఇంజెక్షను కోసం వేలమంది తలా కొంత వేశారు. మనుషుల మంచితనానికి అంతకంటే వేరే రుజువు అక్కర్లేదు. ఒక్క ఇంజెక్షను కాబట్టి అది సాధ్యమైంది. ప్రతి పన్నెండు రోజులకూ ఒక సీసా కోసం ఫోన్లలో బిడ్డ ఫొటో పంపుతూ ఉండటం ఏ తల్లికీ సాధ్యం కాదు, ఏ తల్లినీ అలా నిలబెట్టకూడదు.

ఈ దారులన్నిటికీ పక్కన, మన జిల్లాల్లోనే పాతదొకటి ఉంది. హెచ్‌ఐవీకి మూడు మందుల కలయిక ఒకప్పుడు ఏడాదికి 10 వేల డాలర్లు దాటేది. 2001లో సిప్లా 350 డాలర్లకే ఇస్తానంది. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు, 2006 చివరలో పిల్లల మోతాదులూ వచ్చాయి. ఇవాళ ఆ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లే పిల్లవాడు ఎవరి సిఫారసు లెటరూ తీసుకెళ్లడు. కార్డు చూపిస్తాడు, మందు తెచ్చుకుంటాడు. ధర దిగడం, ప్రభుత్వం టోకున కొనడం, నెలనెలా చేతికివ్వడం, ఈ మూడూ కలిసిన చోటే ఇది జరిగింది.

రిస్డిప్లామ్ విషయంలో మొదటిది జరిగింది, మిగతా రెండూ మిగిలాయి. 15,900 అన్నా నెలకు 40 వేలు దాటుతుంది. గురజాలలో కౌలుకు పొలం చేసే ఇంటికి అది 6 లక్షలంత దూరమే. ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే ఏపీఎంఎస్ఐడీసీ మనకుంది. గుంటూరు పెద్దాసుపత్రి ఫార్మసీ ఉంది. రక్తం జబ్బులకు నెలవారీ సాయం ఇచ్చిన అనుభవం ఐదేళ్లకు పైగా ఉంది. ఇప్పుడు అడగాల్సింది పరిమితిని 25 లక్షల నుంచి ఇంకెంతకు పెంచుతారని కాదు, ఆ ఫార్మసీ జాబితాలో ఈ సీసా పేరు ఎప్పుడు చేరుస్తారని.