ఆగాల్సిన చోటే ఆగే పనితనం

హార్డ్ డిస్క్ ‘రాసేశాను’ అని చెప్పినప్పుడు చాలాసార్లు అది ఇంకా రాసి ఉండదు. డేటాను తనలోని కాస్త క్యాష్ మెమరీలోకి తీసుకుని, పనైపోయిందని ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు పంపేస్తుంది. లోపల తిరిగే పళ్లెం మీదికి ఎక్కించేది ఆ తర్వాత, తనకు వీలైన వరుసలో. ఈలోగా కరెంటు పోయిందా, ఆ మెమరీలో ఉన్నదంతా గోవిందా.

అలాగైతే ఈ క్యాష్‌ను మొదటినుంచే ఆపేసి ఉంచవచ్చు కదా? 2001లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.3 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఐడీఈ రకం డిస్కుల విషయంలో ఆ పనే చేసింది. నిజాయితీ గల నిర్ణయమే. కానీ నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక్కో చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకేచోట వెంటవెంటనే రాయాలంటే ప్రతిసారీ ఒక చుట్టు కాచుకోవాలి, అంటే సెకనుకు 120 రాతలు మించవు. వేగం మరీ పడిపోవడంతో తర్వాత వాళ్లే మళ్లీ ఆన్ చేశారు.

లినక్స్ దారి వేరు. క్యాష్‌ను ఆన్‌లోనే ఉంచి, అవసరమైన క్షణంలో మాత్రం ‘ఉన్నదంతా దింపు’ అని డిస్కును అడుగుతుంది. దాని పేరే ఫ్లష్. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో చేయబోయే మార్పులన్నీ ముందు జర్నల్ అనే చిట్టాలోకి వెళ్తాయి, చివర ఒక కమిట్ బ్లాక్ పడుతుంది. ఆ బ్లాక్ పళ్లెం మీద ఉండి, దానికి ముందువి లేకపోతే జర్నల్ అబద్ధం చెప్పినట్టే. అందుకే కమిట్‌కు ముందు ఒక ఫ్లష్. కమిట్ బ్లాక్‌ను మాత్రం క్యాష్‌లో ఆగకుండా నేరుగా పళ్లేనికి చేరాలనే గుర్తుతో పంపుతారు. ఆ గుర్తు పేరు ఎఫ్‌యూఏ.

లినక్స్‌లో మొదట్లో ఇదే పనికి బ్యారియర్ అనే పద్ధతి ఉండేది. అది దాటాలంటే క్యూ మొత్తం ఖాళీ కావాల్సిందే. జర్నల్‌తో సంబంధం లేని రాతలూ నిలబడిపోయేవి. 2.6.37 కెర్నల్‌లో దాన్ని తీసేశారు. ఏ రాతలు పూర్తయ్యేదాకా ఆగాలో ఫైల్ సిస్టమ్‌కే తెలుసు, అదే చూసుకుంటుంది. డిస్కుతో మాట్లాడే కింది పొరకు మిగిలింది ఫ్లష్, ఎఫ్‌యూఏ మాత్రమే. పెట్టడం కన్నా తీసేయడంలోనే ఇక్కడ నేర్పు కనిపిస్తుంది.

నాకు మరీ నచ్చింది ఆ వెంటనే, 2011లో, లినక్స్ డెవలపర్ టేజున్ హియో మళ్లీ రాసిన ఫ్లష్ కోడ్. ఒకేసారి పది ప్రోగ్రాములు ఫ్లష్ అడిగితే పది ఫ్లష్‌లు పంపాలా? ఒక్కటి చాలు, కానీ ఏది? నడుస్తున్న ఫ్లష్‌ను కొత్తగా వచ్చినవాళ్ల ఖాతాలో వేయడానికి లేదు. వాళ్ల డేటా అది మొదలయ్యాక క్యాష్‌లో చేరి ఉండవచ్చు. రేవులో పడవ కదిలాక వచ్చినవాళ్లలాగే వాళ్లంతా తర్వాతిదానికి ఆగాలి, కానీ అందరికీ కలిపి ఒకటే. అందుకే రెండు జాబితాలు: ఒకటి నడుస్తున్నది, ఒకటి పోగవుతున్నది. ఎఫ్‌యూఏ తెలియని డిస్కైతే ఈ కోడ్ రాత ముగిశాక ఇంకో ఫ్లష్ పంపి అదే ఫలితం తెస్తుంది. అలాంటి రాతలు సగంలో ఉంటే వాటినీ కలుపుకుందామని కొత్త ఫ్లష్‌ను కాస్త ఆపుతుంది. ఆ ఓపికకూ 5 సెకన్ల హద్దు పెట్టారు. క్యాష్ లేని డిస్కుకైతే ఈ తతంగమే ఉండదు. ఇదంతా కొన్ని వందల పంక్తుల్లో, ప్రతి నియమానికీ కారణం చెప్పే వ్యాఖ్యలతో.

రాసింది భద్రపరచమని ప్రోగ్రాములు అడిగే పిలుపు ఎఫ్‌సింక్. ఆపిల్ మ్యాక్‌లో మామూలు ఎఫ్‌సింక్ డిస్కు క్యాష్‌లో ఉన్నదాన్ని పళ్లెం మీదికి దింపించదు, అందుకు ఎఫ్-ఫుల్‌ఎఫ్‌సింక్ అని వేరే పిలుపు ఉంది. వేగానికి అది లాభమే. అయినా భద్రమైనదాన్ని మామూలు పేరుతో ఇవ్వడమే మర్యాద అని నాకనిపిస్తుంది.

లినక్స్‌లోనూ ఒక మెలిక మిగిలింది. రైట్‌ క్యాష్ అనే సెట్టింగ్ ఫైల్లో ‘రైట్ త్రూ’ అని రాస్తే డిస్కులో క్యాష్ ఆగదు, క్యాష్ లేదని కెర్నల్ మాత్రం నమ్మేస్తుంది. ఇక ఫ్లష్‌లు పంపడం మానేస్తుంది. డిస్కు దగ్గర క్యాష్‌ను నిజంగా ఆపాలంటే హెచ్‌డీపార్మ్ లాంటి వేరే పనిముట్టు కావాలి.