చర్యాత్మక పరిశోధన – పాఠశాల పాలన: ఒక విమర్శ

కర్ట్ లెవిన్ 1946 నాటి వ్యాసంలో వివరించిన చర్యాత్మక పరిశోధనను స్టీఫెన్ కోరీ 1953 నాటి గ్రంథంలో పాఠశాలలకు అన్వయించారు. పరిశోధకులు తమ ఆచరణనే పరీక్షించుకోవడం ఈ పద్ధతి విశిష్టత. విద్యార్థుల గైర్హాజరుకు తల్లిదండ్రుల నిరక్షరాస్యతే కారణమని ముందుగానే నిర్ణయించుకున్న అధ్యయనంలో ఈ విశిష్టత లోపిస్తుంది. హాజరుపట్టీ గైర్హాజరును నమోదు చేస్తుందే గాని కారణాన్ని తెలుపదు. బడి వేళలకు బస్సు వేళలతో పొంతన ఉన్నదా, బాలికల మరుగుదొడ్లలో నీటి వసతి ఉన్నదా, రాని విద్యార్థి ఇంటికి ఎన్నో రోజున కబురు అందుతున్నది అనేవి పాలనకు సంబంధించిన ప్రశ్నలు. ప్రధానోపాధ్యాయులు వీటిలో ఒకదానిని సవరించి, నెల తరువాత అదే పట్టీని తిరిగి పరిశీలించాలి. మార్పు కనిపించకపోతే ప్రణాళిక, చర్య, పరిశీలన, పునరాలోచన అనే చక్రం మళ్లీ మొదలు కావాలి. సూచనలతోనే ముగిసే నివేదిక బడికి రాని విద్యార్థికి తోడ్పడదు.