శబ్దాన్ని గోడగా కట్టినవాళ్లు

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం కచేరీలకు ఏళ్ల తరబడి వెళ్లిన అభిమానులు పాటలతో పాటు తలుచుకునేది 1974 నాటి ‘వాల్ ఆఫ్ సౌండ్’ అనే స్పీకర్ల వ్యవస్థని. ఔస్లీ స్టాన్లీ, డాన్ హీలీ తదితర సౌండ్ నిపుణుల పనితనం అది. మామూలుగా పెద్ద స్పీకర్లు వేదికకు ఇరుపక్కలా ఉంటాయి. వాయించేవాళ్లకు తమ శబ్దం వినబడేందుకు వేరే మానిటర్ స్పీకర్లు కావాలి. ఇక్కడ వందలాది స్పీకర్లను బృందం వెనకే గోడలా పేర్చారు. వేదిక మీదివాళ్లు విన్నదే దూరాన నిలబడ్డవాళ్లూ విన్నారు. బృంద సభ్యుడు ఫిల్ లెష్ బేస్ గిటార్‌లో ఒక్కో తీగ శబ్దాన్నీ విడి స్పీకర్ల గుండా పంపగలిగేవారు.

అసలు చిక్కు మైకులది. వెనక స్పీకర్ల శబ్దం మైకులో పడితే కూత తప్పదు. అందుకే ప్రతి గాయకుడి ముందూ రెండు మైకులు బిగించి, ఒకదాని సంకేతాన్ని తలకిందులు చేశారు. రెండింటిలోనూ సమానంగా పడిన శబ్దం రద్దయిపోయేది. ఒక మైకుకు పెదవులు ఆనించి పాడిన గొంతు మిగిలేది. ఎంత చక్కని ఉపాయం!

దాన్ని ఊరూరా మోసుకెళ్లి బిగించడం మాత్రం తలకు మించిన భారమైంది. అదే ఏడాది అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్ కచేరీల తర్వాత దాన్ని విప్పేశారు.